సుగ్గికి పోయినవాని ఆరోగ్యం ఏ ఊరి లెక్క?

కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికి చేరే కాలం. పండుగ కాలం. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు కన్నడ సరిహద్దున ఉన్నందువల్ల ఆ మాట మనకూ వచ్చింది. కాని దాని అర్థం మాత్రం తలక్రిందులైంది. మన పడమటి మండలాల్లో 'సుగ్గికి పోయారు' అంటే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను వసారాలో వదలి, పసిపిల్లలను చంకనెత్తుకొని పరాయి జిల్లాకు కూలికి పోయారని అర్థం. పంట ఎవరిదో, కోసే చేతులు మాత్రం మనవి.

కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు, నందవరం మండలాల పల్లెల్లో ఖరీఫ్ పనులు ముగియగానే ఈ ప్రయాణం మొదలవుతుంది. కొందరు గుంటూరు వైపు పత్తి తీయడానికి, తర్వాత మిరప కోతకు వెళతారు. కొందరు బెంగుళూరు, హైదరాబాదు నగరాల్లో కట్టడం పనులకు వెళతారు. పక్కనే తుంగభద్ర పారుతున్నా చాలా పొలాలకు వానే దిక్కు. వాన మొగం చాటేస్తే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే దిక్కు. ఈ వలసలో కులమత భేదం లేదు. బోయ, మాదిగ, కురువ కుటుంబాలతోపాటు దూదేకుల, షేక్ కుటుంబాలు కూడా అదే లారీలో ఎక్కుతున్నాయి.

ఈ వలస గురించి మన పత్రికలు ప్రతి ఏటా రాస్తూనే ఉన్నాయి. బడులు ఖాళీ అవుతున్నాయని, ఊళ్ళు బోసిపోతున్నాయని రాస్తున్నాయి. అది నిజమే. అయితే ఇందులో అంతగా చర్చకు రాని విషయం ఒకటుంది. అది వలసపోయిన మనిషి ఆరోగ్యం. అతని దగ్గు, ఆమె కాన్పు, వారి బిడ్డకు వేయవలసిన టీకా ఏ ఊరి రిజిస్టరులో ఉండాలి? విడిచి వచ్చిన ఊరిలోనా? పనిచేస్తున్న ఊరిలోనా? నేడు జరుగుతున్నదేమంటే, రెండు చోట్లా ఉండడం లేదు.

తాళం వేసిన ఇంట్లో టీకా కార్డు

వివరంగా చూద్దాం. బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో టీకాలు వేయించాలి. 9 నెలలు నిండాక తట్టు-రూబెల్లా టీకా మొదటి మోతాదు, 16 నుండి 24 నెలల మధ్య రెండవ మోతాదు వేయించాలి. ఊళ్ళో ఉన్నంతకాలం ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి గుర్తుచేస్తుంది. మిరప చేను గట్టున పట్టా గుడారంలో ఉన్న తల్లికి గుర్తుచేసేవారెవరు? అక్కడి ఆశా కార్యకర్త జాబితాలో ఈ బిడ్డ పేరు లేదు. ఇక్కడి ఆశా కార్యకర్త జాబితాలో పేరు ఉంది, బిడ్డ లేదు. కార్డు చూద్దామంటే అది తాళం వేసిన ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది.

క్షయ రోగానిది మరో కథ. సాధారణ క్షయకు కనీసం 6 నెలలు విడువకుండా మందులు వాడాలి. మన సుగ్గి కూడా ఇంచుమించు అంతకాలమే ఉంటుంది. ఆశ్వీజ, కార్తీకాల్లో మందు మొదలుపెట్టిన రోగి రెండు నెలలకు కాస్త కోలుకుంటాడు. దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చి తలుపు తడతాడు. అడ్వాన్సు ముందే తిన్నాడు కనుక పోక తప్పదు. మందు ఆగిపోతుంది. ఉగాది తర్వాత తిరిగి వచ్చేసరికి రోగం ముదిరి ఉంటుంది. ఒక్కొక్కప్పుడు పాత మందులకు లొంగని రకంగా మారి ఉంటుంది.

నాకు తెలిసిన ఒక విద్యార్థి తండ్రి విషయంలో ఇదే జరిగింది. అతడు తిరిగి వచ్చి ఆసుపత్రికి పోతే మొదట అడిగిన మాట 'ఎందుకు మానేశావు?' అన్నది. 'ఎక్కడికి పోయావు, ఏం పని చేశావు?' అని ఎవరూ అడగలేదు. మొదటి ప్రశ్నలో నింద ఉంది. రెండవ ప్రశ్నలో వైద్యం ఉంది.

ఇక గర్భవతులు, పసిపిల్లల మాట. అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైంది. గర్భిణికి, బాలింతకు, ఆరేళ్ళలోపు బిడ్డకు అదనపు ఆహారం అందించడం దాని ముఖ్య ఉద్దేశం. ఈ ఆహారం వల్ల నిజంగా ప్రయోజనం ఉందా అన్నదానికి మన తెలుగు నేలమీదే సాక్ష్యం దొరికింది. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. కొన్ని గ్రామాల్లో అదనపు ఆహారం అందింది, కొన్నింటిలో ఇంకా అందలేదు. ఆనాడు పుట్టిన పిల్లలను వారు 13 నుండి 18 ఏళ్ళ వయసులో ఉండగా పరిశోధకులు మళ్ళీ వెదికి పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున సుమారు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. వారి రక్తనాళాల తీరు, ఇన్సులిన్ పనితీరు కూడా మెరుగ్గా కనిపించాయి. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. కడుపులో ఉన్నప్పుడు, పాలు తాగే వయసులో అందిన పిడికెడు ఆహారం పదిహేనేళ్ళ తర్వాత కూడా శరీరంలో కనిపిస్తున్నదన్నమాట. అటువంటి ఆహారానికి మన సుగ్గి బిడ్డలు ఏటా నాలుగైదు నెలలు దూరమవుతున్నారు.

'ఏం పని చేస్తావు?'

రోగిని అతని వృత్తి గురించి అడగాలన్న నియమం కొత్తది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700 సంవత్సరంలో కార్మికుల రోగాలపై ఒక గ్రంథం ప్రచురించాడు. వైద్యుడు అడిగే ప్రశ్నలకు 'నీవు ఏం పని చేస్తావు?' అన్న ప్రశ్నను చేర్చాలని ఆయన సూచించాడు. మూడు శతాబ్దాలు దాటినా మన ఓపీ చీటీలో ఆ ప్రశ్నకు సరైన చోటు దొరకలేదు.

ఆదోనికి ఈ ప్రశ్న ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. పత్తి వ్యాపారానికి, జిన్నింగ్ మిల్లులకు పేరుపొందిన పట్టణం ఇది. పత్తి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బిసినోసిస్ అనే వ్యాధి వస్తుంది. బ్రిటన్‌లోని లాంకషైర్ నూలు మిల్లుల్లో 1950 దశకంలో రిచర్డ్ షిల్లింగ్ అనే వైద్యుడు దీనిని వివరంగా అధ్యయనం చేశాడు. వారాంతపు సెలవు తర్వాత తిరిగి పనిలో చేరిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోవడం దీని మొదటి గుర్తు. అందుకే అక్కడి కార్మికులు దీనిని సోమవారపు జబ్బుగా గుర్తించారు. తర్వాత ఆ బిగువు వారమంతా ఉంటుంది, చివరికి ఊపిరే బరువవుతుంది. షిల్లింగ్ ఆ తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో వృత్తి ఆరోగ్య శాస్త్ర ఆచార్యుడయ్యాడు.

మన దేశంలో కూడా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఈ వ్యాధిని, ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. కాని వైద్యుడు పని గురించి అడగకపోతే జిన్నింగ్ కూలీ దగ్గు ఆస్తమాగానో, బీడీ దగ్గుగానో, క్షయగానో చీటీమీదకు ఎక్కుతుంది. తరతరాలుగా దూది ఏకిన మన నూర్‌బాషా పెద్దల్లో ఎందరు ఈ ధూళి పీల్చి ఆయాసపడ్డారో లెక్క ఎక్కడా లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘాన్ని స్థాపించి వేలమందికి ఊరిలోనే బ్రతుకు చూపారు. మగ్గం సన్నగిల్లిన కొద్దీ ఆ ఇళ్ళవారిలోనూ కొందరు ఊరు దాటుతున్నారు. గుంతమగ్గం దగ్గర నొచ్చిన మోకాళ్ళతోనే వెళ్ళి నగరంలో ఇటుకలు మోస్తున్నారు.

కాబట్టి మనకు కావలసిన ప్రశ్నలు రెండు. ఏం పని చేస్తావు? ఎక్కడికి పోయి చేస్తావు?

ఒక ఆచార్యుని బాట

ఈ రెండు ప్రశ్నలనే తమ జీవితపు పనిగా చేసుకున్న విద్వాంసులు ప్రపంచంలో ఉన్నారు. వారిలో ఒకరు ప్రొఫెసర్ ఇబ్రాహీం అబూబకర్. నైజీరియాలోని జారియా నగరంలో అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. తర్వాత బ్రిటన్ వెళ్ళి ప్రజారోగ్యం, వ్యాధివ్యాప్తి శాస్త్రం అభ్యసించారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో క్షయ నివారణ విభాగానికి నాయకత్వం వహించారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యులై, అక్కడి గ్లోబల్ హెల్త్ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. తాను స్వయంగా వలస వచ్చినవాడు. ఆయన కృషిలో ఎక్కువ భాగం వలసవచ్చినవారి క్షయ రోగం పైనే సాగింది.

ఆయన అధ్యక్షతన లండన్ యూనివర్సిటీ కాలేజీ, లాన్సెట్ పత్రిక కలిసి ఏర్పరచిన కమిషన్ 2018 డిసెంబరులో వలస, ఆరోగ్యంపై తన నివేదికను వెలువరించింది. అందులోని రెండు విషయాలు మన పాఠకులు తెలుసుకోదగినవి. మొదటిది: ప్రపంచంలో వలసలో ఉన్న 100 కోట్ల పైచిలుకు మందిలో దేశాల సరిహద్దులు దాటినవారు సుమారు నాలుగోవంతు మాత్రమే. మిగిలినవారందరూ కోసిగి నుండి గుంటూరు పోయినట్లు తమ దేశంలోనే తిరుగుతున్నవారు. రెండవది: వలసవచ్చినవారు రోగాలు మోసుకొస్తారన్న అపోహను ఆ నివేదిక లెక్కలతో ఖండించింది. సంపన్న దేశాలకు వలసవెళ్ళినవారిలో మరణాల రేటు చాలా వ్యాధుల విషయంలో స్థానికులకంటే తక్కువగానే ఉందని తేలింది. క్షయ, హెచ్.ఐ.వి., కామెర్లు కలిగించే హెపటైటిస్, ప్రమాదాల వంటివి ఇందుకు మినహాయింపు.

దీనికి కారణమేమిటి? ఆలోచిస్తే తెలుస్తుంది. ఊరు విడిచి పోగలిగేది ఒంట్లో సత్తువ ఉన్నవాడే. మంచం పట్టినవాడు లారీ ఎక్కలేడు. పోయేవాడు ఆరోగ్యవంతుడుగానే పోతాడు. రోగం వచ్చినవాడు పనిచేసే చోట ఉండలేక ఇంటికి తిరిగి వస్తాడు. శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ గమనించి పేర్లు కూడా పెట్టారు. మన భాషలో చెప్పాలంటే, సత్తువ ఎగుమతి అవుతోంది, రోగం దిగుమతి అవుతోంది. లాభం పట్నానికి, మందుల ఖర్చు పల్లెకు. ఆదోని ఆసుపత్రి వరుసలో నిలబడిన మనిషి రోగం బెంగుళూరు సిమెంటు ధూళిలో పుట్టిందో, మిరప కల్లంలో పుట్టిందో ఏ కాగితమూ చెప్పదు. కాగితం చెప్పనప్పుడు ప్రభుత్వానికీ తెలియదు. తెలియనిదానికి నిధులు రావు.

గల్ఫ్ ప్రయాణంలోనూ ఇదే న్యాయం. కడప, రాయచోటి ప్రాంతాల నుండి మన అక్కచెల్లెళ్ళు కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళడం అందరూ ఎరిగినదే. వెళ్ళేముందు గుర్తింపు పొందిన కేంద్రంలో వైద్య పరీక్ష తప్పనిసరి. ఊపిరితిత్తుల ఫోటోలో మచ్చ కనిపిస్తే వీసా లేదు. కాని ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగి వచ్చినప్పుడు విమానాశ్రయంలో ఆమె ఆరోగ్యం గురించి అడిగే నాథుడు లేడు. గల్ఫ్ ఎండలో పనిచేసి తిరిగి వచ్చిన నేపాల్ యువకుల్లో మూత్రపిండాల జబ్బు కనిపిస్తున్నదని ఆ దేశపు వైద్యులు గమనించారు. గమనించారు కాబట్టే ప్రపంచానికి తెలిసింది. పరిశోధన విలువ ఇదే.

హైదరాబాదు ఇచ్చిన పాఠం

మన దేశంలోనూ ఇటువంటి మంచి ప్రయత్నం ఒకటి జరిగింది. 2005, 2007 మధ్య లక్నో, నాగపూర్, హైదరాబాదు, బెంగుళూరు నగరాల ఫ్యాక్టరీల్లో ఇండియన్ మైగ్రేషన్ స్టడీ పేరిట ఒక పరిశీలన జరిగింది. లండన్ స్కూల్‌కు చెందిన ప్రొఫెసర్ షా ఇబ్రాహీం, డాక్టర్ సంజయ్ కిన్రా, ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి తర్వాత పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్‌కు అధ్యక్షులైన డాక్టర్ కె. శ్రీనాథరెడ్డి తదితరులు ఇందులో పాల్గొన్నారు.

వారి పద్ధతి చూడండి. పల్లె నుండి వచ్చి ఫ్యాక్టరీలో స్థిరపడిన కార్మికుని పరీక్షించారు. అతని తోడబుట్టినవాడు ఇంకా పల్లెలోనే ఉంటే అతడినీ పిలిపించి పరీక్షించారు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఇంటి తిండితో పెరిగినవారు. తేడా వస్తే అది నగర జీవితం తెచ్చిన తేడాయే. మొత్తం 6,510 మందిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. పురుషుల్లో మధుమేహం పల్లెలో ఉన్నవారికి 6.2 శాతం, పల్లె నుండి నగరానికి వచ్చినవారికి 14.3 శాతం, నగరవాసులకు 13.5 శాతం ఉన్నట్లు తేలింది. స్థూలకాయం పల్లెలో 19 శాతం, వలసవచ్చినవారిలో 37.8 శాతం. అన్నదమ్ములిద్దరిలో ఒకడు పట్నం చేరగానే అతని రక్తంలో చక్కెర పట్నంవాసిని అందుకున్నదన్నమాట.

అయితే ఈ పరిశోధన మన సుగ్గి కుటుంబాలకు పూర్తిగా వర్తించదు. అది ఫ్యాక్టరీలో నెలజీతంతో స్థిరపడినవారిది. మనవాడు ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. పట్నంలో ఉన్నా పట్నంవాడు కాడు, ఊళ్ళో ఉన్నా ఊరి లెక్కలో సరిగా లేడు. అతని ఆహారం ఋతువుతో మారుతుంది, నీరు మారుతుంది, పడక మారుతుంది. సొంత ఊళ్ళో జొన్నరొట్టె తినేవాడు గుడారంలో రేషన్ బియ్యంతో, పచ్చడితో కాలం గడుపుతాడు. ఇటువంటి మనిషి ఆరోగ్యాన్ని కొలిచే పద్ధతి లండన్ వారు వచ్చి కనిపెట్టాలని ఎదురుచూడడం న్యాయం కాదు. ఎప్పుడు లారీ కదులుతుందో, ఎవరు ఎవరితో పోతారో, ఏ మేస్త్రీ మంచివాడో తెలిసిన ఈ నేల బిడ్డ చేయవలసిన పని అది.

చట్టం చూపు ఎంతవరకు?

వలస కార్మికుల కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని కలుపుకొని 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. మేస్త్రీ ద్వారా కాక తనంతట తాను వెళ్ళిన కార్మికుని కూడా ఇది వలస కార్మికుడిగా గుర్తిస్తున్నది. ఇది మేలైన మార్పు. కాని పాత చట్టం ఐదుగురు వలస కార్మికులున్న సంస్థకే వర్తించగా, కొత్త స్మృతిలోని ఆ నిబంధనలు పదిమంది ఉంటేనే వర్తిస్తాయి.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. రెండు చట్టాలూ 'అంతర్రాష్ట్ర' అన్న మాట మీద నిలబడి ఉన్నాయి. ఆదోని నుండి రాయచూరు పోతే రాష్ట్రం దాటినట్లు. ఆదోని నుండి హైదరాబాదు పోవడం 2014 జూన్ 1 వరకు సొంత రాష్ట్రంలో తిరగడమే, మరునాటి నుండి రాష్ట్రం దాటడం అయింది. బాట అదే, బస్సు అదే, కూలీ అతడే. మరి కొన్ని వందల కిలోమీటర్లు ప్రయాణించి గుంటూరు చేలలో గుడారం వేసుకున్న కోసిగి తల్లి మాత్రం ఈ చట్టం దృష్టిలో వలస కార్మికురాలే కాదు. ఆమె రాష్ట్రం దాటలేదు కదా!

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు ఈ లోటు అందరి కంటపడింది. మిరప కోతకు పోయిన మన పల్లెల వాళ్ళు అక్కడే చిక్కుకున్నారు. ఎక్కడ ఎంతమంది ఉన్నారో చెప్పే జాబితా ఎవరి దగ్గరా లేదు. ఆ తర్వాత కొన్ని మంచి పనులు జరిగాయి. 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల నమోదుకు ఇ-శ్రమ్ వచ్చింది. 2019 ఆగస్టులోనే ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల మధ్య మొదలైన రేషన్ కార్డు పోర్టబిలిటీ దేశమంతటికీ విస్తరించింది. అంటే బియ్యం మనిషి వెంట నడుస్తున్నాయి. వైద్యం మాత్రం ఇంకా మనిషి వెంట నడవడం నేర్వలేదు.

జనగణన మాట కూడా చెప్పుకోవాలి. రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా ప్రకటించారు. అది మిరప కోత ముమ్మరంగా సాగే కాలం. మన పడమటి పల్లెల్లో తాళాలు వేసి ఉండే కాలం. ఎన్యూమరేటర్ వచ్చి తాళం చూసి పోతే, అక్కడ చేను గట్టున గుడారాన్ని ఎవరూ లెక్కించకపోతే, ఆ కుటుంబం రెండు చోట్లా లేనట్లే. ఆసుపత్రి పడకలు, అంగన్‌వాడీ కేంద్రాలు, నిధులు అన్నీ జనాభా లెక్కనుబట్టే వస్తాయన్న సంగతి మరువరాదు.

ఆదోనికి వైద్య కళాశాల వస్తే

ఆదోనిలో వైద్య కళాశాల గురించి ఏళ్ళుగా చర్చ నడుస్తున్నది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. వాటిలో మొదటి విడతగా తీసుకున్న నాలుగింటిలో ఆదోని ఒకటి. దీనిపై వాదోపవాదాలు జరుగుతున్నాయి. ఫీజు ఎంత, పేదవానికి వైద్యం ఉచితమా కాదా అన్న ప్రశ్నలు న్యాయమైనవే. అయితే ఆ వాదంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆ కళాశాలలో ఏం నేర్పుతారు? దేనిపై పరిశోధిస్తారు?

ప్రతి వైద్య కళాశాలలోనూ కమ్యూనిటీ మెడిసిన్ అనే శాఖ తప్పనిసరిగా ఉండాలి. పైగా 2021-22 నుండి జాతీయ వైద్య కమిషన్ ప్రతి ఎం.బి.బి.ఎస్. విద్యార్థి పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని గమనించాలన్న నియమం పెట్టింది. ఆదోని కళాశాల విద్యార్థి కోసిగి మండలంలో కుటుంబాలను దత్తత తీసుకుంటే సంక్రాంతినాటికి ఆ ఇళ్ళకు తాళాలు వేసి ఉంటాయి. అతడు ఏం చేయాలి? తాళం చూసి 'కుటుంబం అందుబాటులో లేదు' అని రాసి రావాలా? లేక ఫోను చేసి, అక్కడి ఆరోగ్య కార్యకర్తకు కబురు పెట్టి, తిరిగి వచ్చాక పరీక్షించి రాయాలా? రెండవ పని చేస్తే పదేళ్ళలో ఆదోని కళాశాల దేశానికే పాఠం చెప్పగలదు. ప్రభుత్వం నడిపినా, ప్రైవేటువారు నడిపినా ఈ షరతు మనం అడిగి పెట్టించుకోవలసినది.

ఇక మన పిల్లల చదువు సంగతి. ముస్లిం కుటుంబాల్లో ఆరోగ్య రంగమంటే డాక్టరు, లేకపోతే ఫార్మసీ, నర్సింగ్ అన్న ఆలోచనే ఉంది. నీట్ ర్యాంకు రాకపోతే బ్రతుకే పోయినట్లు బాధపడుతున్నారు. కాని ప్రజారోగ్యంలో ఎం.పి.హెచ్. అనే పట్టా ఉంది. నర్సింగ్, దంతవైద్యం, గణాంక శాస్త్రం, సమాజ శాస్త్రం వంటివి చదివినవారు కూడా ఈ రంగంలో ప్రవేశించవచ్చు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో, 2008లో హైదరాబాదులో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో ఈ చదువులు ఉన్నాయి. జనాభా శాస్త్రానికి ముంబైలో జాతీయ స్థాయి సంస్థ ఉంది.

ముఖ్యంగా ఆడపిల్లల గురించి ఒక మాట. గుడారంలో బహిష్టు సమయంలో పడే ఇబ్బంది, మరుగుదొడ్డి లేక నీళ్ళు తాగడం మానుకోవడం, గర్భం పోవడం వంటివి ఏ తల్లీ మగ పరిశోధకునికి చెప్పదు. తెలుగు, ఉర్దూ, కాస్త కన్నడం వచ్చిన మన ఆడపిల్ల వెళ్ళి పక్కన కూర్చుంటే చెబుతుంది. మనం ఇంటి భాషలుగా చూసే ఈ మూడు భాషలూ ఆ రంగంలో ఎంతో విలువైన అర్హత.

ఇది సులువైన దారి అని చెప్పడం లేదు. ఈ రంగంలో డబ్బు త్వరగా రాదు. హైదరాబాదు గ్రామాల ప్రశ్నకు సమాధానం రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. పైగా మన పల్లెలకు సర్వేలవారు వచ్చి, రాసుకొని, మళ్ళీ కనిపించకుండా పోవడం కొత్త కాదు. పేదవాని బాధను డిగ్రీగా మార్చుకొని వెళ్ళిపోయేవాడు శాస్త్రజ్ఞుడు కాడు. కనుగొన్నది తిరిగి ఆ ఊరికి చెప్పాలి, దానివల్ల ఒక్క టీకా అయినా వేళకు పడాలి. అప్పుడే ఆ చదువుకు అర్థం.

మన చేతిలో ఉన్నది

ప్రభుత్వం చేయవలసినవి పక్కన పెడితే మనం చేయగలిగినవీ ఉన్నాయి.

బయలుదేరే ముందు టీకా కార్డు, మందుల చీటీ ట్రంకుపెట్టెలో కాక మూటలో పెట్టుకోవాలి. ఫోనులో ఫోటో తీసుకోవడం మరీ మంచిది. క్షయ మందులు వాడేవారు తమ నిక్షయ్ నంబరు రాసుకొని, ఎక్కడికి పోతున్నారో ఆరోగ్య కేంద్రంలో ముందే చెప్పాలి. వెళ్ళిన చోట చికిత్స కొనసాగించే ఏర్పాటు ఉంది. పోషణ కోసం ఇచ్చే సొమ్మును కూడా 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెంచారు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఊరు మారినా మందు మానరాదు. జిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు వైద్యుడు అడగకపోయినా తమ పని ఏమిటో తామే చెప్పాలి.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక మనవి. ప్రతి సుగ్గి ముందు మహల్లా నుండి ఎవరెవరు ఏ ఊరికి పోతున్నారు, వారిలో గర్భవతులు, పసిపిల్లలు, రోగులు ఎందరు అన్నది ఒక పుస్తకంలో రాసి ఉంచితే చాలు. జకాత్ హక్కుదారుల్లో దారిలో నిస్సహాయుడైన ముసాఫిర్ కూడా ఉన్నాడని మన పిల్లలకు కూడా తెలుసు. ఈనాటి ముసాఫిర్ ఎవరు? ఒంటెమీద ఎడారి దాటేవాడు కాదు, లారీలో గుంటూరు పోయేవాడు. హిజ్రీ 18లో షామ్ దేశంలో ప్లేగు వ్యాపించినప్పుడు ప్రయాణంలో ఉన్న హజ్రత్ ఉమర్ (రజి) మొదట అక్కడి సమాచారం తెలుసుకున్నారు, సహచరులతో సంప్రదించారు, ఆ తర్వాతే వెనుదిరిగారు. ప్రయాణానికి, ఆరోగ్యానికి ఉన్న సంబంధం మన చరిత్రకు కొత్త కాదు. ముందు సమాచారం, తర్వాత నిర్ణయం అన్నదే అందులోని నీతి.

వచ్చే ఉగాదికి లారీలు తిరిగి వస్తాయి. పిల్లలు మరచిన అక్షరాలతో బడికి వస్తారు, పెద్దలు కొత్త దగ్గులతో ఆసుపత్రికి పోతారు. ఆనాడు వారిని 'ఎక్కడికి పోయి వచ్చారు, ఏం పని చేశారు?' అని అడిగి, విన్నది శ్రద్ధగా రాసుకునే మనిషి ఒక్కరైనా అక్కడ ఉండాలి. ఆ మనిషి మన ఇంటి బిడ్డే ఎందుకు కాకూడదు?